అప్‌డేట్: సెలవుల్లో పిల్లలు ఫోన్ వదలడం లేదని అడిగాను కదా

ఇద్దరం ఉద్యోగాలకెళ్తే పిల్లలు రోజంతా ఫోన్‌తోనే ఉంటున్నారని ఏప్రిల్‌లో అడిగాను. ఎండెక్కకముందే బయట ఆడించమని చాలామంది చెప్పారు. పొద్దున 6 గంటలకు కాలనీ పార్కులో ఏడుపెంకులాట మొదలుపెట్టాం. మూడు రోజులు లేపడానికే గొడవ. నాలుగో రోజు పక్కింటి పిల్లలూ వచ్చారు, ఇక వాళ్లంతట వాళ్లే లేస్తున్నారు.

అసలు మార్పు మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చాక. వామనగుంటల పీట, చింతగింజలు తెచ్చారు. మధ్యాహ్నం ఎండకు తలుపులేసుకుని ముగ్గురూ 14 గుంటల చుట్టూ కూర్చుంటారు. మా చిన్నది నానమ్మ గింజలు కూడా లెక్కపెట్టేస్తోంది! సాయంత్రం ఐదున్నర దాటాకే మళ్లీ బయటికి, మజ్జిగ సీసాతో.

ఫోన్ పూర్తిగా మానలేదు, రాత్రి అరగంట చూస్తారు. నాకు మాత్రం టెన్షన్ తగ్గింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.