వైజాగ్ నుంచి గాల్వెస్టన్‌కి, డెంగీ మీద పీహెచ్‌డీ: ఏం తెచ్చుకోవాలి?

మద్దిలపాలెం అమ్మాయి:
అందరికీ నమస్తే. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అయింది. ఆగస్టులో గాల్వెస్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ మెడికల్ బ్రాంచ్‌లో పీహెచ్‌డీకి చేరుతున్నాను. డెంగీ వైరస్ ఒంట్లోకి వచ్చాక ఇమ్యూనిటీ ఎలా స్పందిస్తుందన్నది మా ల్యాబ్ పని. చలి బట్టలు ఎన్ని కావాలి? కుక్కర్ తెచ్చుకోనా? ఇంకో సంగతి, రెండేళ్ల కిందట నాకే డెంగీ వచ్చింది. ల్యాబ్‌లో చెబితే ఇబ్బందా? అమ్మకైతే ఒకటే టెన్షన్. "దోమలతో కుట్టించుకోడానికి అమెరికా దాకా ఎందుకే, మన మేడ మీద లేవా?" అంటోంది.

పియర్‌ల్యాండ్ అన్న:
కుక్కర్ తెచ్చుకోమ్మా, గాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టుకో. చలి బట్టలకి డబ్బు తగలెయ్యకు. గాల్వెస్టన్ మన బీచ్ రోడ్డులాంటిదే. అదే ఉక్క, అదే ఉప్పుగాలి, అదే తుపాను భయం. 1900లో వచ్చిన తుపానుకి ఊరు ఊరంతా కొట్టుకుపోతే తర్వాత సముద్రానికి గోడ కట్టారు. హ్యూస్టన్ సుమారు 80 కిలోమీటర్లు, మినప్పప్పు కావాలంటే ఇటే రావాలి. వైరస్‌ల సంగతి అక్క చెబుతుంది.

కంచరపాలెం అక్క:
చెల్లీ, దాచకు. ఊరంతా చాటక్కర్లేదు కానీ ఉద్యోగుల ఆరోగ్యం చూసే డాక్టరుకి మొదటి వారంలోనే చెప్పు.

నేను చేసిన తప్పు చెబుతాను. కొత్తలో, వేరే ఊళ్లో, ఒక ల్యాబ్‌లో డెంగీ ఎప్పుడూ రానివాళ్ల రక్తం పోలిక కోసం అడిగితే నేనే చెయ్యి చాపాను. తీరా చూస్తే నా సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే యాంటీబాడీలున్న నీరు, వైరస్‌ని శుభ్రంగా ఆపేసింది. మూడు వారాల ప్రయోగం గంగలో కలిసింది. చిన్నప్పుడు కంచరపాలెంలో "వైరల్ ఫీవర్" అని నాలుగు మాత్రలు వేసుకున్న జ్వరం ఏమిటో నాకప్పుడు అర్థమైంది. పైగా డెంగీ, జికా, వెస్ట్ నైల్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నీ ఒకే కుటుంబం. ఒకదానికి పుట్టిన యాంటీబాడీ ఇంకోదాన్ని కూడా పట్టుకుంటుంది. అందుకే పాత రిపోర్టులు, టీకా కార్డు కాగితాలే తెచ్చుకో, ఫోన్లో ఫొటోలు చాలవు.

చెప్పమనడానికి ఇంకో కారణం ఉంది. డెంగీలో నాలుగు టైపులున్నాయి. ఒకటి వచ్చి తగ్గితే ఆ టైపు మళ్లీ రాదు, మిగతా మూడింటి నుంచి రక్షణ మాత్రం కొన్ని నెలలే. తర్వాత వేరే టైపు దూరితే పాత యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది కానీ చంపలేదు. దొంగ రెక్క పట్టుకున్న వాచ్‌మన్ స్టేషన్‌కి తీసుకెళ్లకుండా సరాసరి మన ఇంట్లోకే తెచ్చి కూర్చోబెట్టినట్టు, వైరస్‌ని తెల్లకణంలోకే చేరుస్తుంది. 1960ల్లో బ్యాంకాక్ పిల్లల్లో స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికన్ డాక్టరు గమనించింది ఇదే: రెండోసారి డెంగీ వచ్చినవాళ్లే ఎక్కువగా రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్లారు. తల్లి దగ్గర్నుంచి యాంటీబాడీలు వచ్చిన ఏడాదిలోపు పసివాళ్లకైతే మొదటిసారే అంత పనైంది. ఫిలిప్పీన్స్‌లో 2016లో బడిపిల్లలకి మొదలుపెట్టిన డెంగ్వాక్సియా టీకా 2017 చివర్లో ఆపెయ్యడానికీ ఇదే మూలం. అంతకుముందు డెంగీ రాని పిల్లల్లో ఆ టీకాయే మొదటి జ్వరంలా పనిచేసింది. కాబట్టి ల్యాబ్‌లో సూది గుచ్చుకుంటే, డెంగీ ఎరగని నీ పక్కవాడికున్న ప్రమాదమూ నీకున్న ప్రమాదమూ ఒకటి కాదు.

ఎలుకల దగ్గర జాగ్రత్త. మామూలు ఎలుకకి డెంగీ అంటదు. వైరస్ వచ్చిందని కణాలు ఒకదానికొకటి పంపుకునే హెచ్చరిక ఇంటర్‌ఫెరాన్. మనిషి కణంలో ఆ కబురు మోసే స్టాట్2 అనే ప్రోటీన్‌ని ఈ వైరస్ నాశనం చేస్తుంది, ఎలుక స్టాట్2ని మాత్రం ఏమీ చెయ్యలేదు. అందుకని ఆ కబురు అందుకునే ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్లు తీసేసిన ఎలుకల్ని వాడతారు. అంటే నువ్వు చూసేది ముందే సగం ఆయుధాలు లాక్కున్న ఒంటిని. దాన్ని చూసి మనిషిలోనూ ఇంతే అని రాసేశావా, సెమినార్లో నిన్ను ఉతికి ఆరేస్తారు.

మద్దిలపాలెం అమ్మాయి:
థాంక్స్ అక్కా! మా పూలకుండీ పళ్లెంలో ఏడిస్, అదే డెంగీ మోసే దోమ, గుడ్లు బోలెడు. వడపోత కాగితం మీద ఆరబెట్టి తెస్తే వైజాగ్ దోమల మీద కూడా పని చెయ్యొచ్చు కదా?

కంచరపాలెం అక్క:
అమ్మా తల్లీ, ఆ మాట ఎయిర్‌పోర్టులో అనకు! ఆవకాయ తెచ్చుకో, గుడ్లు వద్దు. నీళ్లు లేకపోయినా అవి నెలల తరబడి బతుకుతాయి, ఈ దోమ ఓడలెక్కి ఖండాలు దాటింది అలాగే. అమెరికాకి తేవాలంటే ముందు పర్మిట్ ఉండాలి. మనుషుల సీరమ్‌కైతే ఇండియాలో కూడా అనుమతులు కావాలి. అవి మీ ప్రొఫెసర్ చూసుకోవాల్సిన పనులు.

అమ్మగారికి చెప్పు, వైరస్ ఎక్కించిన దోమల్ని రెండు తలుపుల వెనక లెక్కపెట్టి ఉంచుతారు, ఒక్కటి తగ్గినా వెతుకుతారు. మీ పళ్లెంలో వాటికి లెక్కాపత్రం లేదు కదా, ముందు ఆ నీళ్లు పారబొయ్యమను. ఎవరికైనా డెంగీ వస్తే జ్వరం దిగిన రోజే ఎక్కువ కనిపెట్టుకుని ఉండమను. రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారేది సాధారణంగా అప్పుడే. మనవాళ్లేమో ప్లేట్‌లెట్ల అంకెలు చూస్తూ బొప్పాయి ఆకు రసం వెతుకుతుంటారు.

మద్దిలపాలెం అమ్మాయి:
పళ్లెం కడిగేశాం. రిపోర్టు దొరికింది. రక్తంలో డెంగీ వైరస్ ప్రోటీన్ ఉందో లేదో చూసే ఎన్‌ఎస్1 టెస్టు పాజిటివ్ అని ఉంది, ఏ టైపో రాయలేదు.

కంచరపాలెం అక్క:
ఆ టెస్టులో టైపు తెలియదు. ఇక్కడ నాలుగు టైపుల మీదా నీ సీరం పెట్టి చూస్తే దేన్ని గట్టిగా ఆపుతుందో కొంత తెలుస్తుంది. వారం పనుంటుంది. కాకపోతే నీ రక్తం మీద నువ్వే ప్రయోగం చెయ్యడం చాలా ల్యాబుల్లో నిషేధం, పక్క బెంచీవాళ్లని అడగాలి.

పియర్‌ల్యాండ్ అన్న:
గాస్కెట్లు కొన్నావా?