ఇతరుల బండ్లు లాగాలంటే మన బండికి వించ్ ఉండాలా, తాడు సరిపోతుందా?

నర్సంపేట_థార్ (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న ఆదివారం నర్సంపేట దాటి పొలాల దారిలో ఐదు బండ్లం పోయాం. ముందు రోజు రాత్రి గట్టి వాన. నాలుగో బండి నల్లరేగడిలో ఇరుసు దాకా దిగబడింది. నా దగ్గర ఉన్నవి లారీకి కట్టే మోకు ఒకటి, ఇనుప షాకిల్ (తాడును కొండికి కలిపే కడియం) ఒకటి. ఆ బండి ముందు భాగం కింద ఒక కొండి కనిపిస్తే దానికి తగిలించాం. తాడు వదులుగా ఉంచి, ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ మెల్లగా ఎక్కువ బలం ఇచ్చే మోడ్) రెండో గేరు వేసి ఒక్క గుంజు గుంజాను.

బండి రాలేదు, కొండి ఊడి వచ్చింది. షాకిల్‌తో సహా గాల్లో లేచి నా వెనక తలుపు మీది స్పేర్ చక్రానికి తగిలింది. రిమ్ మీద పది రూపాయల బిళ్లంత సొట్ట, చుట్టూ పెయింట్ లేచిపోయింది. జానెడు పైన తగిలితే అద్దం. అద్దం వెనక సీట్లో మా బావమరిది.

చివరికి పక్క చేనులో దున్నుతున్న రైతు ట్రాక్టర్ తెచ్చి బయటపడేశాడు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు బండిని సరిగ్గా తయారు చేసుకుందామనుకుంటున్నా: 9,500 పౌండ్ల వించ్ (మోటారుతో తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం), దానికి ఇనుప బంపర్, పొడుగు జాక్. బిగింపుతో కలిపి లక్ష దాటుతుందంటున్నారు. గ్రూపులో సగం మంది కొనమంటున్నారు, సగం మంది దండగ అంటున్నారు. ఇంకో మాట కూడా మనసులో ఉంది. 2023 వరదలప్పుడు మన జిల్లాల్లో ఇలా తయారైన బండ్లు పది ఉన్నా ఎంతో సాయం అయ్యేదేమో. ఏమంటారు?

కాజీపేట_జిప్సీ

వించ్ సంగతి తర్వాత తమ్మీ, ముందు ఆ కొండి సంగతి. అది లాగడానికి పెట్టింది కాకపోవచ్చు. చాలా బండ్ల కింద పలుచటి రేకు కొండీలు ఉంటాయి. కొత్త బండ్లను ట్రాలీ మీద తెచ్చేటప్పుడు కదలకుండా కిందికి కట్టేయడానికి అవి. బురదలో ఇరుక్కున్న బండి బరువు వాటి మీద పెడితే ఊడి రాక ఏమవుతాయి? బంపర్‌లో మర తిప్పి బిగించే కొండి ఇంకొకటి ఉంటుంది కదా, అదీ చదును రోడ్డు మీద మెల్లగా, తిన్నగా లాక్కుపోవడానికే. పక్కకు గుంజితే వంగుతుంది.

లాగే కొండి అంటే ఛాసిస్‌కి బోల్టులతో బిగించింది. ఎవరి బండినైనా లాగే ముందు బురదలో పడుకుని అది చూడాల్సిందే. చొక్కా పాడవుతుంది, పాడవనీ.

రెండోది మోకు. లారీ మోకు సాగదు. నువ్వు వేగం పట్టి గుంజగానే ఆ దెబ్బంతా ఒక్కసారే కొండి మీద పడింది. వేగంతో గుంజాలంటే సాగే నైలాన్ తాడే కావాలి. తొమ్మిది మీటర్ల తాడు దాదాపు పన్నెండు మీటర్ల దాకా సాగి, ఆ శక్తిని మెల్లగా అవతలి బండికి ఇస్తుంది. ఇనుప షాకిల్ బదులు తాడుతో అల్లిన మెత్తటి షాకిల్ వాడు. వేలంత లావు ఉండదు, తెగే బలం పది టన్నుల పైనే. ఊడివచ్చినా ఇనుప ముక్కలా గుండులాగా రాదు.

నా లెక్కలో సాగే తాడు, రెండు మెత్తటి షాకిల్‌లు, పార, గాలి మెషీన్ ఉంటే నూటికి తొంభై సార్లు పని అయిపోతుంది. వించ్ ఆ మిగతా పదికి.

నిర్మల్_బొలెరో

తాడే. ఒక్క మాట కలుపుతా: ఎంత లావైతే అంత మంచిదనుకోవద్దు. 22 మిల్లీమీటర్ల తాడు తెగే బలం దాదాపు 13 టన్నులు. జిమ్నీ బరువే 1,200 కిలోలు. ఆ బండితో ఈ తాడును సాగదీయలేం, మళ్లీ మోకుతో గుంజినట్టే అవుతుంది. తేలిక బండికి సన్న తాడు తీసుకోవాలి. తాడుకు పట్టిన బురద కడిగి నీడలో ఆరబెట్టాలి, ఇసుక లోపలికి పోతే పోగులు కోసుకుపోతాయి.

ట్రాక్టర్_బిడ్డ

పరకాల దగ్గర మాది. మీ థ్రెడ్ చదివి మా నాన్నకు వినిపిస్తే నవ్వాడు. “లక్ష రూపాయలు పెట్టి కొంటారు, ఆఖరికి నా దగ్గరికే వస్తారు” అన్నాడు.

మాకు కరిగెట్లో ట్రాక్టర్ దిగబడటం కొత్త కాదు. నాట్ల టైంలో వారానికి ఒకటి. అందరికంటే ముందు తాడు తెచ్చేవాడిని నాన్న తిడతాడు. ఆయన పద్ధతి వేరు. మొదట చక్రం ముందు మట్టి పారతో తీసి వాలు చేస్తాడు. చక్రం చుట్టూ బురద పట్టు విడిచేలా గడ్డపారతో కదుపుతాడు. జాకీ కింద పీటేసి చక్రం లేపి, కింద రాళ్లు, కంప, గోనె సంచులు తొక్కుతాడు. అప్పుడు మెల్లగా నడిపిస్తే సగం సార్లు దానంతటదే వస్తుంది. టైం పడుతుంది, అరగంట నుంచి గంట. బీడీ కాల్చే టైం కూడా అందులోనే.

మీ బండ్లను ట్రాక్టర్‌తో లాగించుకునేటప్పుడు ఒకటి మాత్రం చూడండి. తాడు ఎప్పుడూ కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. ఎత్తులో, టాప్ లింక్ దగ్గర కడితే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడుతుంది, డ్రైవర్ కిందే ఉంటాడు. మా పక్క ఊర్లో అట్లా ఒకాయన పోయాడు. సాయం చేయడానికి వచ్చిన మనిషే పోయాడు. మీరు చెప్పకపోతే కుర్రాళ్లు ఎక్కడ వీలైతే అక్కడ కట్టేస్తారు.

జన్నారం_దారి

అందరూ తాడు అంటున్నారు కాబట్టి వించ్ తరఫున నేను.

తాడు పని చేయాలంటే మూడు ఉండాలి: ఇంకో బండి, ఆ బండి నిలబడి పరుగందుకోవడానికి గట్టి నేల, రెండు బండ్లూ ఒకే వరసలో ఉండటం. పోయిన ఏడాది మా మిత్రుడి బండి ఒర్రె గట్టు మీద నుంచి పక్కకు జారి, ఎడమ చక్రాలు రెండూ కింద, కుడి చక్రాలు గట్టు మీద ఉండిపోయాయి. అక్కడ తాడు కట్టి గుంజితే బండి పల్టీ కొడుతుంది. వించ్‌తో పైన ఒక టేకు చెట్టుకు వెడల్పు పట్టీ వేసి, గంటన్నర పాటు జానెడు జానెడు లాగి నిలబెట్టాం. మెల్లగా లాగడమే దాని గొప్ప. తాడు గుంజుతుంది, వించ్ బతిమాలుతుంది.

అయితే కొనేవాళ్లు కొన్ని తెలుసుకుని కొనండి. 9,500 పౌండ్లంటే దాదాపు 4,300 కిలోలు. కానీ అది డ్రమ్ము మీద మొదటి చుట్టు వరసకే. తాడు ఎక్కువ విప్పకుండా పై వరసతో లాగితే బలం చాలా తగ్గుతుంది. అలాగని మొత్తం విప్పేయకూడదు. ఇనుప తాడైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ అయితే ఎనిమిది పది చుట్లు డ్రమ్ము మీద మిగలాలి. బలం చాలకపోతే కప్పీ వేసుకోవాలి. బావిలో చేద లాగే కప్పీ లాంటిదే, గట్టి ఇనుముతో చేసింది. దిగబడ్డ బండికి కప్పీ కట్టి, తాడు దాని చుట్టూ తిప్పి వెనక్కి తెస్తే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. పూర్తి బరువు మీద వించ్ బ్యాటరీ నుంచి 400 ఆంపియర్ల దాకా తాగుతుంది, కాబట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కాసేపు లాగి కాసేపు ఆపాలి. ఇనుప తాడు వద్దు, తెగితే కొరడాలా కోస్తుంది. సింథటిక్ తీసుకోండి, ముందు మీద బరువూ తగ్గుతుంది.

మేం చేసింది అడవి బయట, పట్టా భూమిలో. కవ్వాల్, ఏటూరునాగారం, పాకాల లోపల అనుమతి లేకుండా బండి దింపడమే నేరం, చెట్టుకు పట్టీ వేయడం దాకా పోనక్కర్లేదు. ఇది చెప్పకపోతే రేపు ఎవరో ఒకరు నా పేరు చెప్పి దొరుకుతారు.

కాజీపేట_జిప్సీ

జన్నారం అన్నా, గట్టు మీద వేలాడే బండి విషయం ఒప్పుకుంటున్నా. అక్కడ తాడు తీసేవాడిని నేనే ఆపుతా. కానీ మన తమ్ముడు పోయేది ఐదు బండ్లతో చెలక దారుల్లో. ఆయనకు వించ్ కంటే ముందు టైరులో గాలి తీయడం నేర్పాలి. గోదావరి ఇసుకలో 32 పీఎస్ఐ నుంచి 16, 18కి దించితే బండి పడవలా పోతుంది, లాగే పనే పడదు. రేగడిలో మాత్రం అంత లాభం ఉండదు. అక్కడ మట్టి టైరు గాట్లలో నిండి సబ్బులా చేస్తుంది. ఎంత గాలి తీసినా సబ్బు సబ్బే.

హన్మకొండ_ఎస్‌యూవీ

బంపర్ విషయంలో ఎవరూ మాట్లాడటం లేదు. బుల్ బార్‌లు, క్రాష్ గార్డులు (బండి ముందు అదనంగా బిగించే ఇనుప చట్రాలు) తీయించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ దానికి ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేకుంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టింది. ఇనుప బంపర్ గుద్దుకున్నప్పుడు ముందున్న మెత్తటి భాగం నలగదు, ఆ దెబ్బ లోపలివాళ్లకు, రోడ్డు మీద నడిచేవాళ్లకు పోతుంది. ఆదివారం ఎవరినో కాపాడటానికి సోమవారం రోడ్డు మీద ఇంకొకరిని రిస్క్‌లో పెట్టడం నాకు నచ్చదు. వించ్ కావాలంటే అసలు బంపర్ వెనకే కూర్చునే ప్లేట్ దొరుకుతుందేమో అడగండి.

నర్సంపేట_థార్

బంపర్ విషయం తెలియదు, థ్యాంక్స్. వించ్ మీద ఇంకా అటూ ఇటూ ఉన్నా. వరదల ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు ఇవ్వలేదు.

భూపాలపల్లి_గని

నేనిస్తా. ఎందుకంటే నేను అప్పుడు ఇక్కడే ఉన్నా.

2023 జూలై చివరి వారం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649 మిల్లీమీటర్ల వాన. అంటే అరవై అయిదు సెంటీమీటర్లు, హైదరాబాద్‌లో ఏడాదంతా పడేదానిలో దాదాపు ముప్పావు వంతు. 27 తెల్లవారుజామున మోరంచ వాగు మోరంచపల్లి మీదికి వచ్చేసింది. జనం ఇళ్ల పైకి, మిద్దెల పైకి ఎక్కారు. వాళ్లను దింపింది పడవలు, హెలికాప్టర్లు. ఏటూరునాగారం దగ్గర కొండాయిలో జంపన్న వాగు మనుషులనే తీసుకుపోయింది.

అలాంటి నీళ్లలోకి బండి దింపుతావా? థార్ 650 మిల్లీమీటర్ల లోతు దాటుతుందని కంపెనీ చెప్తుంది. అది నిలిచిన నీళ్ల లెక్క. పారే నీళ్లలో అడుగు లోతు చాలు చిన్న కారు కదిలిపోవడానికి, రెండడుగులైతే చాలా బండ్లను ఎత్తుకుపోతుంది. పెద్ద టైర్లలో గాలి ఉంటుంది కదా, అవే తేలడానికి సాయం చేస్తాయి. కింద కాజ్‌వే ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనపడదు. నీ వించ్ ఏ చెట్టుకు కడతావు? ఆ చెట్టే పోతుంటే.

తిట్టడం లేదు తమ్మీ. వరద తగ్గాక వారం రోజులు దారులన్నీ బురదే, అప్పుడు నీ బండి బంగారం. బియ్యం, నీళ్ల క్యాన్లు, మందులు ఊళ్లలోకి మోసే పని చాలా మిగిలింది అప్పుడు. ఆ పనికి వించ్ కంటే వెనక ఖాళీ జాగా కావాలి.

గోదారి_గట్టు

మంగపేట నుంచి. అన్నలూ, అందరూ సామాను గురించే రాస్తున్నారు, నిలబడే చోటు గురించి ఎవరూ రాయలేదు. నేను మా ఆయన బండిలో పక్క సీటు మనిషిని, లాగేటప్పుడు బయట నిలబడి చేతితో సైగ చేసేది నేనే. నేను చూసినంతలో ప్రమాదం మొదలయ్యేది ఫోన్లతోనే. తాడు బిగుసుకోగానే అందరూ వీడియో తీయడానికి దగ్గరికొస్తారు. పిల్లలు మరీ.

మా పద్ధతి ఏంటంటే తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం. తాడు వరసలో ఎవరూ ఉండకూడదు, పక్కకే ఉండాలి. తాడు మధ్యలో తడిపిన గోనె సంచి వేస్తాం, తెగితే కిందికి కొట్టుకుంటుందని. సైగ చేసేది ఒక్కరే, ఆ మనిషి చెయ్యి ఎత్తేదాకా ఏ డ్రైవరూ క్లచ్ వదలకూడదు. రెండు బండ్ల డ్రైవర్లు తప్ప లోపల ఎవరూ ఉండకూడదు. నర్సంపేట అన్నా, మీ బావమరిది లోపల ఎందుకు ఉన్నాడు?

ఇంకోటి. కొండి ఎక్కడ తగిలించాలో దిగబడ్డ బండి ఓనరే చూపించాలి, తగిలించేది కూడా ఆయనే. తర్వాత “నా బంపర్ పీకారు” అనే గొడవ ఉండదు. మా దగ్గర ఒకసారి ఆ గొడవ స్టేషన్ దాకా పోయింది.

నర్సంపేట_థార్

అక్కా, ఏసీ కోసం. మీరు అడిగాక ఇంట్లో ఆ మాట చెప్పి మా ఆవిడతో తిట్లు తిన్నా.

నిన్న సాయంత్రం నా బండి కింద పడుకుని చూశా. ముందు కొండీలు గట్టివే, ఛాసిస్‌కి ఉన్నాయి. తర్వాత ఆ రోజు ఊడిన బండి కింద కూడా చూశాం. ఊడిన చోట రెండు చిన్న వెల్డింగ్ మచ్చలు, బొటనవేలంత. అంతే. దాని పక్కనే, జానెడు దూరంలో, ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన అసలు కొండి ఉంది, బురద పట్టి కనపడలేదు.

వించ్ ఆర్డర్ ఆపేశా. తొమ్మిది మీటర్ల సాగే తాడు, రెండు మెత్తటి షాకిల్‌లు, మడత పార, చక్రాల కింద వేసే రెండు ప్లాస్టిక్ పలకలు తెప్పిస్తున్నా. జన్నారం అన్న చెప్పిన చెట్టు పట్టీ, కప్పీ కూడా తీసుకుంటున్నా. మా గ్రూపులో ఒకాయన బండికి వించ్ ఉంది, దానికి పనికొస్తాయి. వచ్చే నెల ట్రాక్టర్_బిడ్డ వాళ్ల నాన్న ఒప్పుకుంటే కరిగెట్లో ఒక రోజు నేర్చుకోవడానికి వస్తాం, ఆరుగురం.

ట్రాక్టర్_బిడ్డ

ఒప్పుకున్నాడు. పారలు మీవే తెచ్చుకోమన్నాడు. మధ్యాహ్నం భోజనం మా అమ్మది.

జన్నారం_దారి

వించ్ ఆపడం తప్పే అంటాను ఇప్పటికీ. ఒంటరిగా పోయినప్పుడు గుర్తొస్తా. ఇంతకీ ఆ పాత మోకు ఏం చేశావు?

నర్సంపేట_థార్

బావమరిది తీసుకుపోయాడు, గడ్డి ట్రాలీకి కట్టుకుంటాడట. షాకిల్ మాత్రం ఇవ్వలేదు, డాష్‌బోర్డు మీద పెట్టుకున్నా.