పాత దేవుళ్ల దీవులనే క్రైస్తవులు తమవి చేసుకున్నారా?

కృష్ణాతీరం: రోమ్‌లో టైబర్ నది మధ్య చిన్న దీవి ఉంది. క్రీ.పూ. 293లో మహమ్మారి వస్తే, గ్రీసులోని ఎపిడారస్ నుంచి వైద్యదేవుడు ఎస్కులాపియస్ పామును ఓడలో తెచ్చారట. అది దిగి ఆ దీవిలోకి పాకిందని అక్కడే గుడి కట్టారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో మూడో ఒట్టో చక్రవర్తి ఆ దీవిలోనే చర్చి కట్టించాడు. బలిపీఠం మెట్ల దగ్గర ఇప్పటికీ బావి ఉంది, ఎదురుగా ఆసుపత్రి నడుస్తోంది. దేవుడి పేరు మారింది, అంతే. కాదంటారా?

సందేహాలరావు: కాదనే అంటాను. గుడికీ చర్చికీ మధ్య వందల ఏళ్ల ఖాళీ ఉంది. ఆసుపత్రి 16వ శతాబ్దంలో వచ్చింది. ఐర్లండ్ పక్కన స్కెల్లిగ్ మైకేల్ చూడండి. తీరానికి దాదాపు 12 కి.మీ. దూరంలో ఒట్టి రాతిగుట్ట. క్రైస్తవ సన్యాసులు ఆరువందల మెట్లు పేర్చుకుని, సున్నం లేకుండా రాతి గుడిసెలు కట్టుకున్నారు. ఈజిప్టు ఎడారి మునుల్లా బతకాలని వెళ్లారు గానీ ఏ పాత దేవుడి కోసమూ కాదు.

పాతబస్తీ పాఠకురాలు: ఫ్రీజియన్లు కొలిచిన ఫొసీటె దేవుడి దీవి కథ చూడండి, ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ అదేనంటారు. 8వ శతాబ్దపు పండితుడు అల్క్విన్ రాశాడు. అక్కడ మేసే పశువును ఎవరూ ముట్టరు, ఊటలో నీళ్లు మాట్లాడకుండా తోడుకోవాలి. క్రైస్తవ మత ప్రచారకుడు విల్లిబ్రోర్డ్ వచ్చి అదే ఊటలో త్రిత్వం పేరు పలికి ముగ్గురికి బాప్తిస్మం ఇచ్చాడు, పశువులను కోయించి వండించాడు. వీళ్లకు పిచ్చెక్కుతుందనో, అక్కడికక్కడే చస్తారనో జనం కాచుకుని కూచున్నారు. ఏమీ కాలేదు. (తర్వాత ఫ్రీజియన్ల రాజు రాడ్బోడ్ ఎవరిని చంపాలో తేల్చడానికి చీట్లు వేయించాడు, ఒకడి ప్రాణం పోయింది.) ఎవరికీ భయం లేని ఊటలో బాప్తిస్మం ఇస్తే ఎవరు పట్టించుకునేవారు? మీరు కొనసాగింపు అంటున్నది నాకు సవాలులా కనిపిస్తోంది.

కృష్ణాతీరం: సవాలైనా చోటు అదేగా!

సందేహాలరావు: చోటుకే అంత మహిమ ఉంటే డెలోస్ సంగతేంటి? గ్రీకు దేవుడు అపోలో పుట్టాడనే దీవి. క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్లు సమాధులన్నీ తవ్వి పక్క దీవికి తరలించారు, ఇక అక్కడ ఎవరూ పుట్టకూడదు, చావకూడదు అన్నారు. ఇవాళ అక్కడున్నవి శిథిలాలు, వచ్చేది టూరిస్టులు. మేరీమాత పండుగైన ఆగస్టు 15కు జనం మోకాళ్ల మీద పాకుతూ వెళ్లేది పొరుగునున్న టీనోస్ మేరీమాత చర్చికి. అక్కడ కొలిచే మేరీమాత పటం దొరికింది 1823లో.

పాతబస్తీ పాఠకురాలు: టీనోస్‌లో పాతకాలంలో గ్రీకుల సముద్రదేవుడు పొసైడన్‌ను వైద్యుడిగా కొలిచేవారండీ. కాకపోతే ఆ గుడి ఊరికి దూరంగా కియోనియా తీరాన ఉండేది, చర్చి ఊళ్లో గుట్ట మీద ఉంది. ఇది ఎవరి ఖాతాలో వేసుకుంటారో మీరే తేల్చుకోండి.