అప్‌డేట్: ఓక్ బీరువా మీద నల్ల మరకల సంగతి తేలింది

ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ఉన్న పాతకాలపు చెక్కుడుపని ఓక్ చెక్క బీరువా తలుపుల మీద నల్ల మరకలు ఎందుకొస్తున్నాయని ఇక్కడే అడిగాను కదా. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బూజు కాదు, చెదలు అసలే కాదు. "మేకులు చూడండి" అన్నాయన మాటే నిజమైంది. పాత ఫర్నిచర్ బాగుచేసే వడ్రంగిని పిలిపించాం. టార్చి పక్కనుంచి వేసి చూపించారు: ద్రాక్షతీగ చెక్కడంలో ప్రతి మరక మధ్యా తుప్పుపట్టిన ఇనప మేకు తల. ఎప్పుడో రిపేర్లో కొట్టినవి. ఓక్‌లో టానిన్ (చెక్కలో సహజంగా ఉండే వగరు పదార్థం) ఎక్కువ. దానికి ఇనుము, తేమ తోడైతే నీలినలుపు మరక పడుతుందట. వైజాగ్ గాలిలో తేమకేం కరువు!

మేకులు లాగేసి ఇత్తడి స్క్రూలు బిగించారు. మరకలున్నచోట పాలిష్ తీసి, ఆక్సాలిక్ యాసిడ్ (ఇలాంటి మరకలు తీసే రసాయనం) కలిపిన నీళ్లు బ్రష్‌తో రాసి, తర్వాత మంచినీళ్లతో బాగా తుడిచి ఆరబెట్టారు. ఆ యాసిడ్ విషం, గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. ఆకుల సందుల్లో కాస్త నలుపు మిగిలింది. పాత వస్తువుకి ఆ మాత్రం ఉంటే నాకిష్టమే.

కొందరు "ఇది టేకేమో" అన్నారు గానీ, పక్కపలకల మీద వెండిలా మెరిసే అడ్డచారలు చూసి ఇది ఓక్ చెక్కేనని వడ్రంగి తేల్చారు. స్టీల్ ఊల్‌తో (సన్నని ఉక్కు పీచుతో) రుద్దమన్న సలహా మాత్రం పాటించకండి, విరిగిన ఇనప నలుసులు చెక్కలో ఉండిపోయి కొత్త మరకలు పెడతాయి.