అప్‌డేట్: కొనడం ఆపలేకపోతున్నానని అడిగింది నేనే
బీరువా నిండా బట్టలున్నా ఆన్‌లైన్‌లో కొంటూనే ఉన్నాను, ఎలా ఆపాలని మూడు నెలల క్రితం అడిగాను కదా. మీరు చెప్పినట్టే యాప్‌లో సేవ్ చేసిన కార్డు తీసేశాను. నచ్చినదాన్ని తేదీ వేసి కాగితం మీద రాసి, 30 రోజులు ఆగుతున్నాను. ఇప్పటికి 19 రాస్తే కొన్నవి రెండే. ఒకచోట "నీలం రంగుది, చిన్నది" అని ఉంది. అదేమిటో నాకే గుర్తు రాలేదు!

బీరువా సర్దితే ట్యాగ్ కూడా తియ్యని చొక్కాలు ఆరు బయటపడ్డాయి. బూట్లు కొన్నాక వాటికి తగ్గ ప్యాంటు, దానికో బెల్టు... దీన్ని డిడెరో ఎఫెక్ట్ అంటారట. 18వ శతాబ్దపు ఆ ఫ్రెంచ్ రచయితకు కొత్త డ్రెస్సింగ్ గౌను రాగానే గదిలో మిగతావన్నీ వెలవెలబోయాయట.

సేల్ నోటిఫికేషన్ వస్తే ఇప్పటికీ మనసు లాగుతుంది. నిన్న రాత్రీ అంతే. కార్డు పక్క గదిలో ఉంది, లేవడానికి బద్ధకమేసింది.