‘కనపడలేదు’ అని రిపోర్టు పంపడం కూడా పరిశీలనేనా?

పెన్నాగట్టు:
గురువారం రాత్రి 8:52కి స్విఫ్ట్ ఉపగ్రహం ఒక గామా కిరణాల పేలుడును పట్టింది. ఫోన్లో అలర్ట్ మోగేసరికి నేను కనిగిరి అవతల ఒక హైస్కూల్ గ్రౌండులో, మన క్లబ్బు 8 అంగుళాల టెలిస్కోపు దగ్గర ఉన్నా. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పీకి, కెమెరా బిగించి, ఫోకస్ కుదుర్చుకుని మొదటి ఫోటో తీసేసరికి 47 నిమిషాలైంది. నిమిషం చొప్పున 30 ఫోటోలు తీశా. అన్నీ కలిపితే 16.8 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) దాకా నక్షత్రాలు పడ్డాయి. పేలుడు తర్వాత మిగిలే వెలుగు మాత్రం అక్కడ లేదు. “47వ నిమిషాన 16.8 కంటే మసక” అని రిపోర్టు పంపా. నిన్న క్లబ్బులో ఒకాయన నవ్వాడు, చేపలు పడలేదని చెప్పడానికి మార్కెట్‌కి పోయినట్టుందట. ఇది పరిశీలన కాదా? మీరే చెప్పండి.

రొయ్యలచెరువు:
అదృష్టవంతుడివి. మా ఏరియేటర్ల దగ్గర లైట్ల పుణ్యాన మాకు 4 దాటి ఏదీ కనపడదు.

ఒంగోలు_లెక్కలు:
పరిశీలనే, కానీ తప్పు రాశావు. 47 అనేది మొదటి ఫోటో మొదలైన సమయం. 30 నిమిషాల ఫోటోలు కలిపినప్పుడు మధ్య సమయం రాయాలి, అంటే 62. ఈ వెలుగు కాలంతో పాటు పడిపోతుంటుంది. మామూలుగా సమయం పదింతలైతే వెలుగు సుమారు పదో వంతుకి దిగుతుంది, అంటే 2.5 మాగ్నిట్యూడ్లు. ఆ లెక్కన 47కీ 62కీ మధ్య తేడా 0.3. చిన్నదేం కాదు.

ఉదయగిరి_చీకటి:
నవ్వింది నేనే. దాచుకోవడం దేనికి? ఇదే పేలుడుకి వేరేచోట నుంచి 20వ నిమిషాన 17.4 అని రిపోర్టు వచ్చింది. అదే పడిపోయే లెక్కలో నీ టైముకి 18.6 దగ్గర ఉంటుంది. 16.8 దాకా మాత్రమే చూసినవాడు 18.6ది కనపడలేదంటే కొత్త సంగతి ఏముంది? లడఖ్‌లో హాన్లే దగ్గర 2 మీటర్ల టెలిస్కోపు ఉంది, దేవస్థల్‌లో 3.6 మీటర్లది ఉంది. ఆ పని వాళ్లు చేస్తారు.

పెన్నాగట్టు:
నేను కెమెరా బిగించేటప్పుడు ఆ 17.4 రిపోర్టు నా చేతిలో ఉందా? అది వచ్చింది తెల్లారాక. ఇసకపల్లి వైపు వల ఖాళీగా వస్తే ఆ మాట వెనకొచ్చే పడవకి పనికొస్తుంది, రాదా? మధ్యలో వెలుగు మళ్లీ పెరిగే పేలుళ్లూ ఉన్నాయి. అక్కడ 16.8 దాకా పెరగలేదని నేను చెప్పా, అంతే. చిన్నవాళ్లకి చేతకాదనకు. 2003 మార్చి 29న పేలినదాని వెలుగు గంటన్నర లోపు 12వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంది. ఎందరో ఔత్సాహికులు పట్టుకున్నారు. అదే ఏడాది జులైలో దక్షిణాఫ్రికాలో బెర్టో మొనార్డ్ అనే ఔత్సాహికుడు ఇంకో పేలుడు వెలుగును స్వయంగా కనిపెట్టాడు.

ఉదయగిరి_చీకటి:
ఇరవై ఏళ్ల కింది రెండు ఉదాహరణలు పట్టుకొచ్చావు. నేనూ ఒకటి చెప్తా. 2008 మార్చి 19న ఒక పేలుడు వెలుగు 5.3 దాకా వచ్చింది, చీకటి రాత్రి ఉన్నచోట టెలిస్కోపే అక్కర్లేదు. అప్పుడు మన టైము పగలు 11:42. మన అదృష్టం అట్లుంటుంది.

ఒంగోలు_లెక్కలు:
47 సంగతి ఎవరూ మాట్లాడరేం? నేనెందుకు పట్టుబడుతున్నానంటే, ఒకప్పుడు నేనొక తోకచుక్క వెలుగు కొలిచి ఒక చోటికి పంపా. ప్రపంచ సమయంలోకి మార్చడానికి మన టైములోంచి 5:30 తీసేయడం మర్చిపోయా. వాళ్లు నా మూడు నెలల పరిశీలనలన్నీ పక్కన పడేశారు, ఒక్క రాత్రిది కాదు. అప్పట్నుంచి టైము విషయంలో నా తమ్ముణ్ణి కూడా నమ్మను.

కావలి_కుర్రాడు:
అన్నా, అసలు ఆ వెలుగు దేనిది?

కనిగిరి_టీచరు:
పెద్ద నక్షత్రం కూలి కృష్ణబిలం అయ్యేటప్పుడు సన్నటి జెట్ బయటికి చిమ్ముతుందయ్యా, దాదాపు కాంతి వేగంతో. మొదట వచ్చేది గామా కిరణాలు, కొన్ని సెకన్లో నిమిషాలో. ఆ జెట్ చుట్టూ ఉన్న వాయువుని గుద్దుకున్నప్పుడు పుట్టే వెలుగు గంటలు, రోజులు ఉండి ఆరిపోతుంది. మధ్యలో దుమ్ము అడ్డొస్తే మామూలు వెలుగు అసలు కనపడకనూ పోవచ్చు. స్విఫ్ట్ మొదట చెప్పే చోటు చందమామ వెడల్పులో ఐదో వంతు ఉంటుంది, కాబట్టి చిన్న టెలిస్కోపుతోనూ వెతకొచ్చు. గ్రౌండులో లైటు ఆర్పించింది నేనే.

పొదిలి_నాన్న:
లైటు ఆర్పింది చెప్పారు సరే. లైన్లో ఎంతమంది పిల్లలున్నారో కూడా చెప్పండి టీచరుగారూ. మా అమ్మాయి నలుగురి వెనక ఉంది. గురుడి చుట్టూ నాలుగు చుక్కలు కనపడతాయని వారం నుంచి ఇంట్లో అదే మాట. ముందున్న పిల్లవాడు కన్ను ఆనించాడో లేదో, ఈయన “జరుగు జరుగు” అని ఐపీస్ పీకేశాడు. రాత్రి పదింటిదాకా చలిలో కూర్చుని వెనక్కొచ్చాం. మీరిక్కడ 0.3 కోసం కొట్టుకుంటున్నారు.

పెన్నాగట్టు:
అలర్ట్ చెప్పి రాదు కదండీ! గురుడు రేపూ ఉంటాడు. ఇది ఉండదు.

పొదిలి_నాన్న:
గురుడు రేపూ ఉంటాడు. మా ఊళ్లో టెలిస్కోపు రేపు ఉంటుందా?

రొయ్యలచెరువు:
అద్దీ.

ఉదయగిరి_చీకటి:
ఇప్పుడు బయటపడింది కాబట్టి చెప్తా. నాకు 16.8తో గొడవ లేదు. బడులకి తిప్పుతామని తలా కాస్త చందా వేసుకుని కొన్నాం దాన్ని. దసరా నుంచి నీ మేడ మీదే ఉంది. నేను రెండుసార్లు అడిగితే మౌంట్ (టెలిస్కోపు స్టాండు) సెట్టింగ్ చెడిపోతుందన్నావు. ఆ రాత్రి ఒక్కదానికే బయటికొచ్చింది, అదీ సగంలో పిల్లల కన్ను కిందనుంచి లాక్కున్నావు. రిపోర్టులో క్లబ్బు పేరు లేదు, నీ పేరే ఉంది. చూశా.

పెన్నాగట్టు:
ఇన్నాళ్లూ మాగ్నిట్యూడ్ల వెనక దాక్కుని ఈ మాటా నువ్వు అనాలనుకుంది! మేడ మీద ఉందంటే ఊరికే ఉందా? అద్దం తుడిచిందెవరు, గుడ్డ కప్పిందెవరు, కోతులు వస్తే కర్ర పట్టుకుని కూర్చుందెవరు? చందా కట్టినవాళ్లలో ఒక్కరు ఒక్క రాత్రి వచ్చారా? పేరు సంగతి ఒప్పుకుంటా. ఫారంలో పరిశీలకుడి పేరు అడిగింది, తొందర్లో నాది రాశా.

కనిగిరి_టీచరు:
ఇద్దరూ ఆగండి. నేను చూసింది చెప్తా. ఐపీస్ పీకినప్పుడు పిల్లల మొహాలు చిన్నబోయిన మాట నిజం. నాకూ కోపం వచ్చింది. ఈయన ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా స్క్రూలు తిప్పుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఫోటోలు పడుతుంటే పదిహేను మంది దాకా మూగారు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు అడిగాడు: “సార్, ఏమీ లేదని ఎట్టా తెలుసు? మన కెమెరాకి చూపు ఆనలేదేమో?” అప్పుడు ఈయన పక్కన మసక నక్షత్రం ఒకటి చూపించి, దాని కొలత పాత పట్టికలో వెతికి, “ఇది పడిందంటే ఇంత వెలుగున్నది ఏదైనా పడాలి” అన్నాడు. ఆ పిల్లవాడు ఇంకో మూడు చుక్కలు తనే వెతికాడు. మిగతా పాతిక మంది మాత్రం ఇళ్లకి పోయారు.

పొదిలి_నాన్న:
ఆ పాతికలో మేమున్నాం.

పెన్నాగట్టు:
శనివారం సాయంత్రం టెలిస్కోపు తీసుకుని వస్తా. లైను అయ్యేదాకా ఫోన్ ఆఫ్. ఆ తర్వాత అలర్ట్ వస్తే మాత్రం చూస్తా, ఇప్పుడే చెప్తున్నా.

ఉదయగిరి_చీకటి:
శనివారం అయ్యాక అది మేడెక్కదు. మా ఊరికి వస్తుంది.

పెన్నాగట్టు:
క్లబ్బులో కూర్చుని మాట్లాడదాం.

పొదిలి_నాన్న:
శనివారం మా అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఊరెళ్తోంది. సరేలెండి.

ఒంగోలు_లెక్కలు:
రిపోర్టు ఇప్పుడే తెరిచి చూశా. ఇంకా 47 అనే ఉంది.