ఉద్యోగార్థుల సోషల్ మీడియా ఖాతాలను సంస్థలు చూడవచ్చా?

పొడిమాట:
మా చిన్న సంస్థలో నియామకాల బాధ్యత ఈ మధ్యే నా మీద పడింది. ఖాళీల ప్రకటనలను లింక్డిన్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ ఇస్తున్నాము. దరఖాస్తులు కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తున్నాయి. అంతవరకు నాకు ఇబ్బంది లేదు. అయితే ఇంటర్వ్యూకు పిలిచే ముందు ప్రతి అభ్యర్థి ఖాతాలనూ చూసి, మనిషి ఎలాంటివాడో ఒక్క వాక్యంలో రాసి పెట్టమని మా యజమాని అంటున్నారు. ఇది సమంజసమేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

తూనికరాయి:
నిస్సందేహంగా సమంజసమే. నేను చాలాకాలంగా ఈ పనిలోనే ఉన్నాను. రెజ్యూమే అనేది మనిషి తనకు తాను రాసుకున్న యోగ్యతాపత్రం. అందులో ఎవరూ తమ లోపాలను రాయరు. 2003లో లింక్డిన్ మొదలైనప్పటి నుంచి, సంస్థలు తమను వెతికి పట్టుకోవాలనే జనం అక్కడ వివరాలు పెట్టుకుంటున్నారు. అంతకు ముందు చాలా ఉద్యోగాల కబురు తెలిసినవారి ద్వారానే అందేది. దగ్గరివారికన్నా ముఖపరిచయస్థుల ద్వారానే ఉద్యోగ సమాచారం ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే వాదించారు. లింక్డిన్‌లో సుమారు 2 కోట్ల మందిపై జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చినప్పుడు, మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడుతున్నాయని తేలింది. ఇంత మేలు చేసిన సాధనంలో బహిరంగంగా రాసి ఉన్నదాన్ని చదవడం మాత్రం నేరమెలా అవుతుంది? గోడ మీద రాసుకున్నదాన్ని దారినపోయేవాడు చదివితే దొంగచూపు అనరు కదా.

గాలివాటం:
ఖాతాకు తాళం వేసుకుంటే సరిపోతుంది. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కావడం లేదు.

నీలిసిరా:
ఏముందో నేను చెబుతాను. ఒక సంస్థలో రెండు దశల ఇంటర్వ్యూలు బాగా జరిగాయి. మూడవసారి పిలిచినప్పుడు, వచ్చీ రాగానే, "ఇంట్లో చంటిబిడ్డ ఉన్నట్టుంది, ఇంత పని చేసుకోగలరా?" అని అడిగారు. నా దరఖాస్తులో గానీ మాటల్లో గానీ బిడ్డ ప్రస్తావన ఎక్కడా రాలేదు. ఆ తర్వాత వాళ్ళ నుంచి జవాబే లేదు. మతం, ఆరోగ్యం, గర్భం వంటి విషయాలను ఇంటర్వ్యూలో అడగడాన్ని చాలా దేశాల చట్టాలు ఏదో ఒక రూపంలో కట్టడి చేస్తాయి. నోటితో అడగకూడని ప్రశ్నలన్నిటికీ ఖాతా తెరిచిన మరుక్షణం జవాబులు కళ్ళ ముందుకు వస్తాయి. ఖాతా బహిరంగంగా ఉన్నంత మాత్రాన అందులోని వివరాలను తమ అవసరానికి వాడుకునే హక్కు సంస్థలకు వస్తుందని అనుకోరాదని ఐరోపా సమాఖ్య సమాచార రక్షణ సంస్థల బృందం 2017లో స్పష్టంగా చెప్పింది.

తూనికరాయి:
నీలిసిరా గారూ, ఒక్క ప్రశ్నకు సూటిగా సమాధానం ఇవ్వండి. ఆ బిడ్డ ఫోటోను మీరు అందరికీ కనబడేలా పెట్టారా, లేదా?

నీలిసిరా:
నేను పెట్టలేదు. మా అక్క పెట్టి, నా పేరు జోడించింది. అయినా ఎవరు పెట్టారన్నది ఇక్కడ ప్రశ్న కాదు.

తూనికరాయి:
అదే ప్రశ్న. బహిరంగమైతే అది బహిరంగమే. ఎవరు పెట్టినా, చూసినవారిది తప్పు కాదు.

లెక్కలపద్దు:
ఫోటో సంగతి కాసేపు పక్కన పెడదాము. అసలు ఖాతా చూడడం వల్ల మంచి ఉద్యోగి దొరుకుతాడా అన్నది తేలవలసిన విషయం. వాన్ ఇడెకింగ్, ఆయన సహచరులు 2016లో జర్నల్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగాలు వెతుక్కుంటున్న కళాశాల విద్యార్థుల ఫేస్‌బుక్ ఖాతాలను నియామకాధికారులకు చూపించి మార్కులు వేయించారు. తర్వాత ఆ విద్యార్థుల పనితీరు గురించి వారి పై అధికారులు ఇచ్చిన అంచనాలతో పోల్చి చూస్తే, రెంటికీ సంబంధమే కనబడలేదు. పైగా ఆ మార్కులు స్త్రీల వైపూ తెల్లజాతివారి వైపూ మొగ్గాయి.

అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ప్రకటన ఎవరి కంటపడుతోంది? శాస్త్ర సాంకేతిక ఉద్యోగాల గురించి స్త్రీపురుషులకు సమానంగా చేరాలన్న ఉద్దేశంతో ఇచ్చిన ఒక ప్రకటన, పురుషులకన్నా స్త్రీలకు తక్కువగా కనబడిందని లాంబ్రెక్ట్, టకర్ అనే పరిశోధకులు 2019లో చూపించారు. వివక్ష చూపాలని ఎవరూ అనుకోలేదు. యువతులకు ప్రకటన చూపడానికి ఖర్చు ఎక్కువ కాబట్టి, ఖర్చు తగ్గించుకునే యంత్రాంగం తన దారిన తాను పురుషుల వైపు జరిగిపోయింది. వయసు, లింగం చూసి ఉద్యోగ ప్రకటనలను గురిపెట్టే వీలును అమెరికాలో తొలగిస్తామని ఫేస్‌బుక్ కూడా అదే ఏడాది మార్చిలో పౌరహక్కుల సంఘాలతో ఒప్పందం చేసుకుంది. పొడిమాట గారు ప్రకటన విషయంలో తనకు ఇబ్బంది లేదన్నారు. నా దృష్టిలో ముందుగా చూసుకోవలసింది దానినే.

తూనికరాయి:
ఆ మొదటి అధ్యయనం ఫేస్‌బుక్ మీద జరిగింది. నేను ప్రధానంగా చూసేది లింక్డిన్.

నీలిసిరా:
ఇంతకు ముందు గోడ మీది రాత అన్నారు. ఇప్పుడు గోడల్లో కూడా తేడా చూపిస్తున్నారు.

చిలక్కొయ్య:
నాకు ఎక్కడా ఖాతా లేదు, తెరిచే ఉద్దేశమూ లేదు. పాతికేళ్ళ పని అనుభవం ఉంది. నాలాంటివారి దరఖాస్తు వస్తే మీరు ఏమి చేస్తారు?

తూనికరాయి:
నిజం చెప్పమంటే, కొంచెం అనుమానం కలుగుతుంది.

చిలక్కొయ్య:
ఖాతా ఉంటే అందులో తప్పు వెతుకుతారు, లేకపోతే లేకపోవడమే తప్పంటారు. బాగుందండీ.

తూనికరాయి:
మీరందరూ అభ్యర్థి వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఒకసారి రెజ్యూమేను మాత్రమే నమ్మి ఒకరిని తీసుకున్నాను. చేరిన కొద్ది రోజులకే, అతను తన పాత సంస్థ వినియోగదారులను పేర్లు పెట్టి మరీ తిడుతూ రాసిన రాతలు బయటపడ్డాయి. ముందే ఎందుకు చూడలేదని నన్ను నిలదీశారే గానీ, నియామకంలో నీతి పాటించావని ఎవరూ మెచ్చుకోలేదు. తప్పుడు ఎంపికకు జవాబు చెప్పుకోవలసింది నేను. నీలిసిరా గారు తనకు రాని ఉద్యోగం మీద కోపంతో మా వృత్తినంతా దోషిని చేస్తున్నారు.

నీలిసిరా:
రాని ఉద్యోగం మీద కోపమా? ఆ ఉద్యోగానికి నేను పనికిరానని ఒక్క ముక్క రాసి పంపి ఉంటే, బాధపడి ఊరుకునేదాన్ని. మీరు జవాబుదారీ గురించి మాట్లాడుతున్నారు. మీ జవాబుదారీ అంతా మీ పైవారికే. ఎవరి బతుకు తెరిచి చూశారో ఆ మనిషికి మీరు ఒక్క మాటైనా చెప్పరు.

నిర్వాహకుడు:
సభ్యులు ఒకరి ఉద్దేశాలను మరొకరు ప్రశ్నించకుండా, విషయానికి పరిమితం కావాలని మనవి.

తూనికరాయి:
విషయానికే వస్తాను. ఎవరిని తీసుకోవాలన్నది సంస్థ ఇష్టం. తీసుకోనివారందరికీ కారణాలు చెప్పుకుంటూ కూర్చుంటే ఏ సంస్థా నడవదు. రాసి ఇచ్చిన ప్రతి కారణమూ రేపు నా మీద వేసే దావాలో సాక్ష్యం అవుతుంది. అందుకే రాసి ఇవ్వను.

నీలిసిరా:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఫోటో గురించి ఇంత వాదన అవసరం లేకపోయేది. చూడడాన్ని ఎవరూ ఆపలేరని నాకూ తెలుసు. రెజ్యూమేలో తప్పుంటే దిద్దుకుంటాను, ఇంటర్వ్యూలో తడబడితే ఎక్కడ తడబడ్డానో నాకే తెలుస్తుంది. ఖాతా చూసి పక్కన పెడితే మాత్రం, వాళ్ళు చూసింది నా ఖాతానో, నా పేరే ఉన్న మరొకరిదో కూడా నాకు తెలిసే దారి లేదు. నా అభ్యంతరం అక్కడ. మీరు దాన్ని సంస్థ ఇష్టం అంటున్నారు, నేను ఒప్పుకోను.

తూనికరాయి:
మీరు ఒప్పుకోనక్కరలేదు. పద్ధతి అయితే అదే.

లెక్కలపద్దు:
మధ్యే మార్గం ఒకటి కొన్నిచోట్ల పాటిస్తారు. ఎంపికలో పాలుపంచుకోని వ్యక్తి, ఇంటర్వ్యూ అయిన తర్వాతే ఖాతా చూసి, ఉద్యోగానికి సంబంధించినది ఏదైనా ఉంటే దానిని మాత్రమే ఎంపిక చేసేవారికి చెబుతాడు. మతం, కుటుంబం వంటివి వాళ్ళ దాకా రావు. తాము ఖాతాలు చూస్తామని ప్రకటనలోనే రాస్తే ఇంకా మంచిది.

తూనికరాయి:
చిన్న సంస్థలో చూసేవాడూ ఎంపిక చేసేవాడూ ఒక్కడే. ఆ రెండవ మనిషిని ఎక్కడి నుంచి తెస్తారు?

పొడిమాట:
అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చ చదివాక మా యజమానిని ఒక మాట అడిగాను: నేను రాసే ఆ వాక్యాన్ని అభ్యర్థి అడిగితే చూపించవచ్చా అని. కాసేపు ఆలోచించి, చూపించవలసి వస్తుందనుకుంటే అసలు రాయనే వద్దన్నారు.

తూనికరాయి:
రాయవద్దన్నారు, సరే. చూడవద్దన్నారా?

పొడిమాట:
అనలేదు.